ఊద్ అత్తరు ఎలాంటి మనిషికి నప్పుతుంది? అదీ మన ఉక్కలో?

భీమవరం_గట్టు:
మా పెదనాన్నగారి షష్టిపూర్తికి ఊద్ సెంటు ఇద్దామని ఉంది. ఆయన లెక్కల మాస్టారు, మాట తక్కువ. ఎప్పుడూ తెల్ల పంచె, లాల్చీయే. ఊద్ అంటే హోదా, దర్పం అంటున్నారు. ఆయన తీరుకి ఎబ్బెట్టుగా ఉంటుందేమోనని నా సందేహం. కువైట్ నుంచి వచ్చేవాళ్ళ చేత 3 మి.లీ. అత్తరు తెప్పించవచ్చు. ఇక్కడైతే 100 మి.లీ. స్ప్రే దొరుకుతోంది. ఏ రకం తీసుకోవాలి, ఎంత రాయాలి, తెల్లబట్టకి మరక పడుతుందా? తెలిసినవాళ్ళు చెప్పండి.

అమలాపురం_అత్తరుబుడ్డి:
ఊద్ అంటే ఒకటే వాసన కాదండి. అక్విలేరియా చెట్టు మానుకి దెబ్బ తగిలి లోపలికి బూజు చేరితే, దాన్ని అడ్డుకోవడానికి చెట్టు ఒక బంక ఊరుస్తుంది. ఆ బంక పట్టి నల్లబడ్డ చెక్కే అగరు. మనం అగరొత్తి అన్నా, ఊదొత్తి అన్నా ఆ చెక్క పేరే చెబుతున్నాం. మొదటిది సంస్కృతం నుంచి వచ్చింది, రెండోది అరబ్బీ నుంచి. ఇప్పటి అగరొత్తుల్లో చాలావాటిలో అసలు అగరు ఉండదు, అది వేరే సంగతి.

అస్సాం రకాన్ని గల్ఫ్ బజార్లో ‘హిందీ’ అంటారు. చెక్కని రోజుల తరబడి నీళ్ళలో నానబెట్టి, పులిశాక బట్టీ పెట్టి నూనె తీస్తారు. ఆ పులుపు వల్లే రాసిన మొదటి అరగంట పశువుల పాక, పచ్చి తోలు గుర్తొస్తాయి. చెక్క వాసన, పొగ వాసన ఆ తర్వాత తేలతాయి. ‘కంబోడీ’ తియ్యగా ఉంటుంది, ఎండు పళ్ళకీ బెల్లప్పాకానికీ దగ్గర. గులాబీ, గంధం, కుంకుమపువ్వు లాంటివి చేర్చిన మిశ్రమాన్ని ముఖల్లత్ అంటారు. అది ఇంకా మెత్తన.

దర్పం అనిపించేది మోతాదు వల్లనండి. గది అవతలికి కొడితే ఎవరు రాసుకున్నా ఆర్భాటంగానే ఉంటుంది. కాళ్ళకి దణ్ణం పెట్టడానికి వంగినవాళ్ళకి మాత్రమే తెలిసేలా ఉంటే, అదే ఊద్ పెద్దరికంగా తోస్తుంది. మాస్టారికి గంధం వంతు ఎక్కువున్న ముఖల్లత్ గానీ, కంబోడీ గానీ తీసుకోండి. హిందీ వద్దు. ఆ మొదటి అరగంట అలవాటు లేనివాళ్ళు సీసా పక్కన పడేస్తారు.

కాకినాడ_తీరం:
రాసే పద్ధతి చెబుతాను, తేడా అంతా ఇక్కడే వస్తుంది.

స్నానం చేయగానే రాయకండి. ఒళ్ళు తుడుచుకుని, ఫ్యాన్ కింద పది నిమిషాలు ఆరాక రాయాలి. తడి మీద నూనె పట్టదు, చెమటతో పాటు జారి కాలరుకి అంటుకుంటుంది. పౌడరు రాసుకున్న చోటా వద్దు. పౌడరు నూనెని పీల్చేసుకుంటుంది, రెండు వాసనలూ కలిసి మడ్డిగా తయారవుతాయి. సీసాలోని పుల్లని అంచుకి నొక్కి, మిగిలిన తడిని ఒక్కో చెవి వెనక ఒక్కసారి తాకించాలి, అంతే. మణికట్టుకి రాస్తే భోజనం దగ్గర పప్పు వాసనతో కలుస్తుంది, చేతులు కడిగితే పోతుంది. అయిదు నిమిషాలు ఆగి లాల్చీ తొడుక్కోవాలి.

మరక తప్పకుండా పడుతుందండి, ఊద్ నూనె ముదురు గోధుమ రంగులో ఉంటుంది. పడితే ఇస్త్రీ పెట్టకండి, వేడికి మరక పాతుకుపోతుంది. ముందు గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేసి నలిపి, తర్వాత ఉతకాలి.

ఇంకొకటి. పావుగంటకల్లా మన ముక్కు ఆ వాసనకి అలవాటు పడిపోతుంది. పోయిందనుకుని మళ్ళీ రాస్తారు, ఎదుటివాళ్ళకి మాత్రం రెట్టింపు కొడుతుంది. మే నెలలో ఒంటి వేడికి వాసన ఇంకా జోరుగా లేస్తుంది. కాబట్టి ఎండాకాలం మోతాదు తగ్గించాలి గానీ పెంచకూడదు. మొదటిసారి మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడండి, దద్దుర్లు రాకపోతేనే మెడ దగ్గర వాడాలి.

రాజోలు_వట్టివేరు:
నాది కొంచెం వేరే మాట. మాస్టారికి ఇంతవరకూ సెంటు అలవాటు లేకపోతే ఒంటికి రాయమనకండి, బట్టకి ధూపం పట్టించండి. మన సాంబ్రాణి అలవాటే కాబట్టి ఆయనకి కొత్తగా అనిపించదు. మరక గొడవా ఉండదు.

బఖూర్ అని, అత్తరులో నానబెట్టిన చెక్కపొడి, ముక్కలు దొరుకుతాయి. కొబ్బరి చిప్ప బొగ్గు రాజేసి, పైన తెల్లటి బూడిద పరుచుకునేదాకా ఆగాలి. నల్లగా ఉండగా వేస్తే బొగ్గు కంపే బట్టకి పడుతుంది. చిప్ప బొగ్గుకి వేడి ఎక్కువ, అందుకని పైన ఒక చెంచా బూడిద చల్లి, దాని మీద గోరంత ముక్క పెట్టండి. నేరుగా నిప్పు మీద వేస్తే బంక మాడిపోయి, కాలిన చక్కెర వాసన వస్తుంది. ఉతికి ఆరిన లాల్చీని రెండు అడుగుల ఎత్తున రెండు మూడు నిమిషాలు పట్టండి, చాలు. కిటికీలు తెరిచే ఉంచాలి, మూసిన గదిలో బొగ్గు పొగ ప్రమాదం.

అమలాపురం_అత్తరుబుడ్డి:
ధూపం సంగతి ఒప్పుకుంటానండి, మాస్టారికి అదే బాగుంటుంది. అత్తరు కూడా ఇస్తే పెళ్ళిళ్ళకి వాడుకుంటారు.

స్ప్రే గురించి కూడా చెప్పాలి. 100 మి.లీ. ఊద్ స్ప్రేల్లో ఎక్కువ భాగం ప్రయోగశాలలో కూర్చిన ఊద్ వాసనే. అదేమీ తప్పు కాదు, ఒక పిచికారీతో ఆపితే చక్కగానే ఉంటుంది. అసలు ఊద్ అని చెప్పి అదే నూనె అమ్మితే మాత్రం మోసం. రంగు చూసి, చిక్కదనం చూసి పోల్చుకోలేం, ఆ రెండూ కల్తీతో తెప్పించవచ్చు. చర్మం మీద రాసి గంటకోసారి వాసన చూడండి. అసలుది మారుతూ పోతుంది, మొదట ఘాటు, తర్వాత చెక్క, చివరికి తీపి. కూర్చినది చాలావరకు మొదటి గంటలో ఎలా ఉందో అయిదో గంటలోనూ అలాగే ఉంటుంది. ఇది కూడా నూటికి నూరు పాళ్ళు పనిచేసే పరీక్ష కాదు. కానీ కొట్లో రెండు నిమిషాలు నిలబడి కొనేయడం కంటే నయం.

భీమవరం_గట్టు:
అందరికీ ధన్యవాదాలండి. బఖూర్, 3 మి.లీ. ముఖల్లత్ తెప్పిస్తాను. విమానంలో తేవడానికి ఇబ్బందేమైనా ఉందా?

కాకినాడ_తీరం:
అరుదైన మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అనే అంతర్జాతీయ ఒప్పందం ఉంది, అక్విలేరియా చెట్టు దాని రెండో జాబితాలో ఉంది. సొంత వాడకానికైతే మనిషికి 24 మి.లీ. నూనె, ఒక కిలో చెక్క వరకూ ఆ ఒప్పందంలో పర్మిట్ మినహాయింపు ఉంది. కొన్ని దేశాల నియమాలు ఇంకా గట్టిగా ఉండవచ్చు. బయలుదేరే ముందు కస్టమ్స్ వాళ్ళని అడిగి, కొన్న రసీదు దగ్గర పెట్టుకోమనండి. సీసా మూత చుట్టూ టేపు వేసి, జిప్ కవర్లో నిలువుగా పెట్టాలి. పుల్ల ఉన్న సీసాలు పడుకోబెడితే కారతాయి. ఇంటికొచ్చాక దేవుడి గదిలో దీపం పక్కన పెట్టకండి, వెలుతురు తగలని బీరువాలో ఉంచండి.