వార్డులో పిల్లల కోసం కార్పొరేషన్ పెట్టే ఖర్చు: లెక్క ఎక్కడ మొదలుపెట్టి చూడాలి?

కొర్లగుంట_పేరెంట్:

అందరికీ నమస్తే. తిరుపతిలో మా వార్డులో ఒక మున్సిపల్ స్కూలు, రెండు అంగన్‌వాడీలు, ఒక చిన్న పార్కు ఉన్నాయి. ఏటా బడ్జెట్ మీటింగ్ అవుతుంది, మర్నాడు పేపర్లో కోట్ల లెక్కలు వస్తాయి. అందులో పిల్లలకని ఎంత, మా వార్డుకి వచ్చిందెంత, పెట్టామన్నది నిజంగా పెట్టారా అని చూడ్డానికి ఆరుగురం కూర్చున్నాం. మాలో ఇద్దరు స్కూలు పేరెంట్స్ కమిటీలో ఉన్నారు. బడ్జెట్ పుస్తకం దొరికింది గానీ అందులో స్కూళ్ళ మరమ్మతులు, పార్కుల అభివృద్ధి అని ఒక్కో లైనే ఉంది. ఆర్టీఐ వేస్తే ఏమని వేయాలి? మాలో ఎవరికీ ఇంజినీరింగ్ రాదు.

పద్దుల_పుస్తకం:

ముందు ఏ ఖర్చు ఎవరి జేబులోదో విడగొట్టుకోండి. చాలామంది ఇక్కడే దారి తప్పుతారు. అంగన్‌వాడీ గుడ్ల సంగతి కమిషనర్‌ని అడిగి, మాకు సంబంధం లేదన్న జవాబు కోసం నెల పోగొట్టుకుంటారు.

అంగన్‌వాడీ తిండి, అద్దె, జీతాలు ఐసీడీఎస్ అనే శిశు సంక్షేమ పథకానివి. సీడీపీఓ (ఆ పథకం ప్రాజెక్టు అధికారి) ఆఫీసులో అడగాలి. టీటీడీ స్కూళ్ళు, అనాథ పిల్లల బాలమందిరం కార్పొరేషన్ పద్దులోకే రావు. స్మార్ట్ సిటీ డబ్బుతో కట్టినవైతే తిరుపతి స్మార్ట్ సిటీ కార్పొరేషన్ లిమిటెడ్ అనే వేరే కంపెనీ లెక్కల్లో ఉంటాయి, దానికి వేరే దరఖాస్తు. మున్సిపల్ బడి విషయం కొంచెం చిక్కు. స్థలం, కట్టడం కార్పొరేషన్‌వి, టీచర్లూ పర్యవేక్షణా మాత్రం 2022 నుంచి విద్యాశాఖ కిందికి వెళ్ళాయి. అందుకని ఒకే మరుగుదొడ్డి మరమ్మతుకి కార్పొరేషన్ సాధారణ నిధి నుంచీ బిల్లు పెట్టొచ్చు, సమగ్ర శిక్ష (కేంద్రం, రాష్ట్రం కలిసి బడులకి డబ్బిచ్చే పథకం) గ్రాంటు నుంచీ పెట్టొచ్చు. రెండు పద్దులూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు లేరు కాబట్టి, మీరు చూడాల్సిన మొదటి చోటు అదే.

మిగిలింది ఆటస్థలాలు, పార్కులు. రాజ్యాంగం 12వ షెడ్యూల్‌లో నగరపాలక సంస్థలకి ఇచ్చిన 18 అంశాల్లో పార్కులు, ఆటస్థలాలు 12వ అంశం. ఇది మా పని కాదని కార్పొరేషన్ అనలేదు. డబ్బు లేదని మాత్రం అనొచ్చు, కొంతవరకు నిజం కూడా. 2021-26 మధ్య 15వ ఆర్థిక సంఘం మన సైజు నగరాలకిచ్చిన నిధుల్లో 60 శాతం తాగునీటికి, పారిశుధ్యానికి కట్టేసినవి. వాటితో ఊయల కొనడం కుదరదు.

ఇక బడ్జెట్ పుస్తకంలో ఒక్కో పద్దుకి నాలుగు గడులుంటాయి: నిరుడు అసలు ఖర్చు, ఈ ఏటి అంచనా, సవరించిన అంచనా, వచ్చే ఏటి అంచనా. పేపర్లో వచ్చేది నాలుగోది. మీరు మొదటిదీ మూడోదీ చూడండి. ఏప్రిల్‌లో 50 లక్షలని రాసిన ఆటస్థలాల పద్దు సవరణలో 8 లక్షలకి దిగి, వచ్చే ఏటికి మళ్ళీ 50 లక్షలై కూర్చుంటుంది. మూడేళ్ళ పుస్తకాలు వరసగా పెడితే ఈ ఎక్కడం దిగడం బయటపడుతుంది. ఒక్క ఏడాది పుస్తకంతో ఏమీ తెలియదు.

ఎంబుక్_చూసేవాడు:

పై మాట సరే. అయితే మొత్తం బడ్జెట్ వెంట పడొద్దప్పా. ఒక్క పద్దు, ఒక్క వార్డు, రెండేళ్ళు, అంతే. ఆర్టీఐలో 'ఎందుకు ఖర్చు పెట్టలేదు' అని అడిగితే, కారణాలు చెప్పడం సమాచారం కిందికి రాదని తిప్పి పంపుతారు. కాగితం పేరు పెట్టి అడగండి. స్కూలు పనికైతే ఇవి:

1. వార్డులో ఆ రెండేళ్ళలో స్కూలు, పార్కు పనుల జాబితా: పని పేరు, అంచనా మొత్తం, ఏ నిధి, ఏజెన్సీ, చెల్లించిన మొత్తం, తేదీ
2. ఒక్కో పనికి మంజూరైన ఎస్టిమేట్, వర్క్ ఆర్డర్
3. ఎం బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పేజీల నకళ్ళు, తుది బిల్లు
4. ఒప్పందంలో డిఫెక్ట్ లయబిలిటీ గడువు (లోపాలు కాంట్రాక్టరే సరిచేయాల్సిన కాలం) రాసిన పేజీ

మొదటి దరఖాస్తులో ఒకటో నంబరు ఒక్కటే అడగండి. అది చేతికొచ్చాక రెండు మూడు పనులు ఎంచుకుని మిగతావి అడగండి. అన్నీ ఒకేసారి అడిగితే వందల పేజీల లెక్క చెప్పి, వచ్చి చూసుకోండంటారు. కార్పొరేషన్ స్థాయిలో ఫీజు 10 రూపాయలు, నకలు పేజీకి 2 రూపాయలు. గడువు 30 రోజులు. జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల్లో మొదటి అప్పీలు, దానికీ దిక్కు లేకపోతే 90 రోజుల్లో రాష్ట్ర సమాచార కమిషన్‌కి రెండోది. తేదీలు క్యాలెండర్ మీద రాసి పెట్టుకోండి. అప్పీలు గడువు దాటబెట్టుకుని మళ్ళీ కొత్త దరఖాస్తుతో మొదలుపెట్టేవాళ్ళే ఎక్కువ.

ఇంజినీరింగ్ రాకపోయినా ఎం బుక్ చదవొచ్చు. అందులో ఉండేది సంఖ్య, పొడవు, వెడల్పు, ఎత్తు, పరిమాణం. గోడ ప్లాస్టరింగ్ తీసుకోండి. 2 × 12.00 × 3.00 = 72.00 చదరపు మీటర్లు అని ఉంటుంది. అంటే 12 మీటర్ల గోడ, 3 మీటర్ల ఎత్తు, రెండు పక్కలా. ఆ గోడకి 1.20 × 2.10 తలుపు ఉందనుకోండి, అది 2.52. ఐఎస్ 1200 (కట్టడం పనులు కొలిచే భారత ప్రమాణం) లెక్కలో అర చదరపు మీటరు దాటి 3 చదరపు మీటర్ల లోపున్న ఖాళీకి ఒక పక్క తగ్గించాలి. కాబట్టి 69.48 రావాలి. 72 అలాగే ఉందంటే తలుపుకి కూడా ప్లాస్టరింగ్ చేశారన్నమాట! 0.60 × 0.75 వెంటిలేటర్ ఉంటే అది అర చదరపు మీటరు లోపే, తగ్గించరు. దాన్ని పట్టుకుని గొడవకి దిగితే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీర్) ముందు మీరే నవ్వులపాలు.

30 మీటర్ల టేపు, ఇద్దరు మనుషులు చాలు. ఆర్టీఐ చట్టం సెక్షన్ 2(జె)లో పనిని తనిఖీ చేసే హక్కు, వాడిన సామాను నమూనా తీసుకునే హక్కు రెండూ ఉన్నాయి. దరఖాస్తులోనే 'పనిని స్వయంగా తనిఖీ చేయాలి, తేదీ ఇవ్వండి' అని రాయండి. చెప్పకుండా టేపు పట్టుకుని స్కూల్లోకి దూరితే హెడ్‌మాస్టర్ ఇబ్బంది పడతారు.

పార్కులో జారుడుబల్ల, ఊయల లాంటివి తరచూ కొటేషన్ల మీద కొంటారు, ధర పెరిగేది అక్కడే. మూడు కొటేషన్లూ ఒకే రోజు తేదీతో, ఒకే రకం తప్పులతో ఉన్నాయేమో చూడండి. నాలుగో నంబరు ఎందుకంటే, గడువులోపు విరిగిన ఊయలని కాంట్రాక్టరే బాగుచేయాలి. అది చూడక కొత్త ఎస్టిమేట్ వేసి మళ్ళీ డబ్బు కట్టడం మామూలు తప్పు.

కొర్లగుంట_పేరెంట్:

చాలా థ్యాంక్స్ అన్నా. ఒక డౌటు. స్కాలర్‌షిప్పులు, స్పోర్ట్స్ కిట్లు పంచిన జాబితా కూడా అడగొచ్చా?

ఎంబుక్_చూసేవాడు:

పిల్లల పేర్లు అడగొద్దు. ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. ఎన్ని కొన్నారు, ఏ స్కూలుకి ఎన్ని, స్టాక్ రిజిస్టర్ పేజీ అని అడగండి.

బడి_గంట:

నేనైతే ఆర్టీఐతో మొదలుపెట్టను. కమిటీలో ఇద్దరు మీవాళ్ళే ఉన్నారు కదా, చేతిలో ఉన్న అధికారం ముందు వాడండి. విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం నుంచో స్థానిక సంస్థ నుంచో వచ్చిన గ్రాంటు ఎలా వాడారో చూడటం కమిటీ పనే. అది మీరు దయ చూపమని అడిగేది కాదు. సభ్యుల్లో ముప్పావు వంతు తల్లిదండ్రులు ఉండాలన్నదీ అందుకే. వచ్చే మీటింగ్‌లో బ్యాంకు పాస్‌బుక్, క్యాష్ బుక్, వోచర్లు టేబుల్ మీద పెట్టమని అడిగి, అడిగినట్టు మినిట్స్‌లో రాయించండి. మాటతో అడిగింది గాలికి పోతుంది.

ఎంత వచ్చుండాలో ముందే తెలుసుకుని వెళ్ళండి. సమగ్ర శిక్ష కాంపోజిట్ గ్రాంటు పిల్లల సంఖ్యని బట్టి: 30 వరకు 10,000, 100 వరకు 25,000, 250 వరకు 50,000, 1,000 వరకు 75,000, ఆ పైన లక్ష. అందులో కనీసం 10 శాతం శుభ్రతకి. 240 మంది ఉన్న బడికి 50,000, అందులో 5,000 మరుగుదొడ్లు, చేతులు కడిగే చోటు వగైరాకి. ఆటల గ్రాంటు విడిగా ఉంటుంది: ప్రాథమికకి 5,000, ప్రాథమికోన్నతకి 10,000, హైస్కూలుకి 25,000 వరకు. విడతల్లో వస్తుంది, ఆలస్యంగానూ వస్తుంది. హెడ్‌మాస్టర్ సొంత డబ్బు పెట్టి తర్వాత తీసుకునే సందర్భాలూ ఉంటాయి. వోచర్ తేదీ జమ తేదీ కన్నా ముందుంటే వెంటనే దొంగలెక్క అనేయకండి, ముందు అడగండి.

బాలల_విభాగం (చిత్తూరు):

అందరూ మర్చిపోయిన డబ్బు ఒకటుంది. మీ ఇంటి పన్ను నోటీసు తీసి చూడండి, ఆస్తి పన్ను కింద గ్రంథాలయ సెస్సు అని ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద పన్నులో రూపాయికి 8 పైసలు. 2,000 పన్నుకి 160. ఇది కార్పొరేషన్ డబ్బు కాదు. కార్పొరేషన్ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చేయాలి. పిల్లల పుస్తకాలు, పోటీ పరీక్షలకి చదివే కుర్రాళ్ళ కుర్చీలు, పత్రికలు ఈ సెస్సు మీదే బతకాలి.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1991లో ఓటర్లు ఆస్తి పన్నులో కొంత వాటాని పిల్లల సేవలకే పక్కన పెట్టేలా నగర శాసనం మార్చారు. 2014లో దాన్ని పొడిగిస్తూ ప్రతి 100 డాలర్ల ఆస్తి విలువకి 4 సెంట్ల దాకా పెంచి, ఖర్చు మీద కన్నేయడానికి 11 మందితో ఒక కమిటీ పెట్టారు. మన దగ్గర ఆస్తి పన్నుకి తోకలా వచ్చి పిల్లల దాకా చేరే వీలున్న డబ్బు ఈ సెస్సే. కన్నేసే కమిటీ మాత్రం లేదు.

ఇది పట్టుకోవడం ఎం బుక్ కన్నా తేలిక. కార్పొరేషన్‌ని ఏడాదివారీగా నాలుగు అంకెలు అడగండి: పాత బకాయి, సెస్సు డిమాండ్ (ఆ ఏడు వసూలు కావాల్సింది), వసూలు, సంస్థకి జమ చేసింది. గ్రంథాలయ సంస్థని అదే ఏళ్ళకి కార్పొరేషన్ నుంచి అందింది ఎంతో అడగండి. జమ, అందింది ఒకటి కాకపోతే మార్చి చివర రాసిన చెక్కు ఏప్రిల్‌లో పడిందేమో ముందు చూడండి. వసూలుకీ జమకీ మధ్య తేడా ఏటేటా పెరుగుతూ ఉంటే, పిల్లల డబ్బు సంస్థకి చేరడం లేదని అర్థం, జీతాలకో కరెంటు బిల్లుకో పోతోందేమో అడగాలి. ఆ నాలుగు అంకెల కాగితం స్టేట్ ఆడిట్ జిల్లా ఆఫీసుకి, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే పీజీఆర్‌ఎస్ అనే ఫిర్యాదుల కార్యక్రమానికి ఒకే రోజు ఇచ్చి రెండు రసీదులూ తీసుకోండి.

పద్దుల_పుస్తకం:

సెస్సు మాట బాగా గుర్తుచేశారు. ఒకటి కలుపుతా. స్టేట్ ఆడిట్ వాళ్ళు కార్పొరేషన్ లెక్కలు చూసి అభ్యంతరాలు పేరాలుగా రాస్తారు. 'ఫలానా ఏడాది ఆడిట్ రిపోర్టులో స్కూళ్ళు, పార్కులు, గ్రంథాలయ సెస్సు మీద ఉన్న పేరాలు, వాటికి కార్పొరేషన్ ఇచ్చిన జవాబులు' అని అడిగితే మీరు వెతకాల్సింది సగం వాళ్ళే వెతికిపెట్టి ఉంటారు. పేరా పక్కన జవాబు గడి ఖాళీగా ఉంటే ఆ పేజీ జెరాక్స్ తీసుకెళ్ళి మీ కార్పొరేటర్ చేతిలో పెట్టండి. కౌన్సిల్ అజెండా ముందే అచ్చవుతుంది గానీ, ఆఖరి నిమిషంలో టేబుల్ అజెండాగా వచ్చే అంశాలు ఎవరూ చదవకుండానే ఆమోదం పొందుతాయి. పార్కు కొనుగోళ్ళు అందులో దూరాయేమో మీటింగ్ మినిట్స్‌లో చూడమని ఆయనకే చెప్పండి.