మెదడువాపు పరిశోధన డబ్బు ఎవరికి: ల్యాబ్‌కా, రోగిని వదలకుండా చూసే డాక్టరుకా?

కలువపువ్వు:
మా చెల్లికి 19 ఏళ్లప్పుడు వారం రోజుల్లో మనిషే మారిపోయింది. నిద్ర లేదు, ఎవరో చంపడానికి వస్తున్నారని భయం, తర్వాత మూతి అదేపనిగా వంకర్లు తిప్పడం. మూడు వారాలు మానసిక వార్డులోనే ఉంచారు. ఒక రాత్రి డ్యూటీకి వచ్చిన యువ న్యూరాలజిస్టు ఆ మూతి కదలికల్ని చాలాసేపు చూసి, వెన్నులోంచి నీరు తీయించి యాంటీబాడీల పరీక్షకి పంపారు. ఎన్‌ఎమ్‌డీఏ రిసెప్టర్ ఎన్‌సెఫలైటిస్ అని తేలింది, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే పొరపాటున మెదడు మీద దాడి చేసే మెదడువాపు. ఆయన ఇప్పుడు పరిశోధన మానేశారు. వారంలో ఒక్కరోజు కూడా దానికి జీతం ఇచ్చేవాళ్లు లేరు. అందుకే ఈ పరిశోధన నిధుల్లో పెద్ద వాటా ఇలాంటి డాక్టర్ల సమయానికే పోవాలంటాను. మీరేమంటారు?

లెక్కల మాస్టారు:
మీ చెల్లికి జబ్బేమిటో తేలినందుకు సంతోషం అమ్మా. కానీ మీ మాటతో ఏకీభవించలేను. పట్టుబట్టి జబ్బు కనిపెట్టిన డాక్టర్ల కథలు మనదాకా వస్తాయి. అదే పట్టుదలతో లేని వాపును చూసినవాళ్లవి రావు. 2023లో ఆరు కేంద్రాలు కలిసి, ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ (మీ చెల్లికి వచ్చినలాంటి మెదడువాపు) అని పొరపాటుగా తేల్చిన 107 మంది కేసులు ప్రచురించాయి. అందులో 72 శాతం మంది ఆ జబ్బు ప్రమాణాలకే సరిపోలేదు. కొందరిది ఫంక్షనల్ డిజార్డర్ (మెదడుకి దెబ్బ లేకుండానే దాని పనితీరు గాడి తప్పడం), కొందరిది మానసిక సమస్య. ఇమ్యూనిటీకి సంబంధించిన మందులు వాడిన 84 మందిలో 17 మందికి దుష్ప్రభావాలు వచ్చాయి.

పిల్లల్లో గొంతు ఇన్‌ఫెక్షన్ తర్వాత హఠాత్తుగా మొదలయ్యే ఓసీడీ (వద్దన్నా అవే ఆలోచనలు, అవే పనులు మళ్లీ మళ్లీ) సంగతీ చూడండి. అదీ రక్షణ వ్యవస్థ దాడి వల్లేనన్నారు. అమెరికా డాక్టర్ సూసన్ స్వీడో బృందం దాన్ని 1998లో వర్ణించింది. 1999 నాటి చిన్న ట్రయల్‌లో ఐవీఐజీ (దాతల రక్తంలోని యాంటీబాడీలను నరంలోకి ఎక్కించే వైద్యం) బాగా పనిచేసినట్టు కనిపించింది. 2016లో 35 మంది పిల్లలతో చేస్తే ప్లాసిబో (ఉత్తుత్తి మందు) కంటే మెరుగని తేలలేదు. డబ్బు ట్రయల్స్‌కి ఇవ్వాలి, నమ్మకాలకి కాదు.

రాత్రిడ్యూటీ:
న్యూరాలజీ ట్రైనింగ్‌లో ఉన్నాను. మాస్టారూ, ఆ 107 మంది లెక్క నిజమే, మా సీనియర్లు దాన్ని మాచేత చదివిస్తారు కూడా. కానీ దాన్ని బయటపెట్టింది ఎవరు? ఈ జబ్బు మీదే పనిచేసే క్లినిక్‌ల డాక్టర్లు. రోగుల్ని మళ్లీ మొదటినుంచి పరీక్షించే తీరిక ఉంది కాబట్టే తప్పు దొరికింది.

అసలు ఈ జబ్బు ఎలా దొరికిందో చూడండి. 2005లో న్యూరాలజిస్టు జోసెప్ దల్మావ్ బృందం నలుగురు స్త్రీల గురించి రాసింది. మానసిక లక్షణాలు, మతిమరుపు, ఊపిరి సరిగా అందకపోవడం, అందరికీ అండాశయంలో టెరటోమా అనే కణితి. వీళ్ల రక్తం, వెన్నునీరు ఎలుక మెదడు మీద పరీక్షిస్తే వాటిలోని యాంటీబాడీలు హిప్పోకాంపస్ (జ్ఞాపకాలకి సంబంధించిన భాగం) దగ్గర ఒకే తీరున అతుక్కున్నాయి. 2007కల్లా అలాంటివాళ్లు 12 మంది అయ్యారు, యాంటీబాడీ దేన్ని పట్టుకుంటోందో తెలిసింది. రోగిలో వింత చూసినవాళ్లు ఆ శాంపిల్ భద్రపరచకపోతే ల్యాబ్‌కి వెతకడానికి ఏముంటుంది? 2013లో 577 మంది మీద వచ్చిన అధ్యయనంలో, రెండేళ్లపాటు గమనించగలిగినవాళ్లలో 81 శాతం మంది బాగా కోలుకున్నారు. 2007కి ముందు వీళ్లకి జబ్బు పేరే లేదు.

ఇంకోటి. హెర్పిస్ మెదడువాపు తగ్గిన కొన్ని వారాలకి మళ్లీ మతి చలించినట్టయితే, వైరస్ తిరగబెట్టిందనే అనుకునేవాళ్లు. స్పెయిన్ డాక్టర్లు 51 మందిని వెంటపడి గమనిస్తే 14 మందిలో కొత్తగా ఆటోఇమ్యూన్ ఎన్‌సెఫలైటిస్ మొదలైందని 2018లో చూపించారు. ఆ 14 మందికి కావలసిన వైద్యం వేరు. ఇలా వెంటపడి గమనించడం పెద్ద మెషిన్లతో అయ్యే పని కాదు. ఫోన్ చేయాలి, రమ్మనాలి, శాంపిల్ తీసి లేబుల్ వేసి ఫ్రీజర్లో పెట్టాలి, కుటుంబంతో గంట మాట్లాడాలి. మామూలు డ్యూటీ అయ్యాక రాత్రి పదకొండుకి ఇది ఎవరు చేస్తారు? గ్రాంట్లలో రీఏజెంట్లకి (ల్యాబ్ పరీక్షల రసాయనాలకి) పద్దు ఉంటుంది, ఈ గంటకి ఉండదు.

అలసిపోనిగాలి:
టీకా ఉన్న మెదడువాపులకే ఇంకా పిల్లలు చనిపోతుంటే, ముందు డబ్బు అక్కడికి పోవాలి కదా?

రాత్రిడ్యూటీ:
టీకా డబ్బు వేరే పద్దు అండి, దాన్ని కోయమని ఎవరూ అనట్లేదు.

లెక్కల మాస్టారు:
హెర్పిస్ సంగతి నాకు తెలియదు, ఆలోచింపజేసింది. అయితే షరతు పెడతాను. జీతంతో కూడిన సమయం ఇవ్వండి, కానీ పొరపాటుపడ్డ కేసులు కూడా ప్రచురించాలి, కొత్త మందు ప్లాసిబోతో పోల్చి తేలాలి. ఈ జబ్బుకే ఇనెబిలిజుమాబ్ అనే మందు మీద ఎక్స్‌టింగ్విష్ ట్రయల్ అలాగే పెట్టారుగా, అమెరికా ప్రభుత్వ నిధులతో.

రాత్రిడ్యూటీ:
ఒప్పుకుంటాను. ఆ ట్రయల్‌కి రోగుల్ని గుర్తుపట్టి పంపేది కూడా వార్డులో ఉన్న డాక్టరే, అది మాత్రం మరవకండి.

కలువపువ్వు:
మాస్టారి షరతు న్యాయంగానే ఉంది. మా చెల్లి ఇప్పుడు చదువుకుంటోంది, ఆ మూడు వారాలు మాత్రం తనకి అస్సలు గుర్తులేవు. రాత్రిడ్యూటీ గారూ, అప్పుడు తీసిన వెన్నునీటి శాంపిల్ ఇంకా ఫ్రీజర్లో ఉందట. దాన్ని పరిశోధనకి వాడుకోనివ్వాలని తను అంటోంది. సంతకం ఎవరి దగ్గర పెట్టాలి?