పాత పోర్ట్రెయిట్ ప్రింట్లలో అధికారం ఎక్కడ కనిపిస్తుంది?

ప్రింట్‌మేకింగ్_స్టూడెంట్:
జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1519లో రాగిరేకు మీద చెక్కిన కార్డినల్ (పోప్ తర్వాతి స్థాయి మతాధికారి) ఆల్బ్రెహ్ట్ బొమ్మ మీద సెమినార్ ఇవ్వాలి. ప్రింటు పోస్టుకార్డంత ఉంటుంది. సింహాసనం లేదు, కత్తి లేదు, 29 ఏళ్ల మనిషి, నిండు బుగ్గలు, నెత్తిన టోపీ, అంతే. పెయింటింగ్ అయితే పట్టు, బంగారం, నిలువెత్తు సైజు ఉంటాయి కాబట్టి అర్థమవుతుంది. నల్ల సిరాతో ఇంత చిన్న కాగితం మీద హోదా ఎలా చూపిస్తారండీ?

రాగిరేకు:
ముఖాన్ని కాసేపు పక్కనపెట్టి, అదే కాగితం మీద ఉన్న వంశచిహ్నాన్నీ లాటిన్ అక్షరాల్నీ చూడండి. జర్మనీలోని మైంజ్‌కీ మాగ్డెబర్గ్‌కీ ఆర్చిబిషప్, చక్రవర్తిని ఎన్నుకునే ఎలెక్టర్, బ్రాండెన్‌బర్గ్ వంశం, ఇలా బిరుదులన్నీ పట్టక మాటల్ని సగంలో కత్తిరించి మరీ ఇరికించాడు. పైగా అవి ఊరికే వచ్చినవి కావు. రెండు ఆర్చిబిషప్ పదవులు ఆల్బ్రెహ్ట్ ఒక్కడే ఉంచుకోవడానికి రోములోని పోపుకు కట్టాల్సిన డబ్బు ఫుగ్గర్లనే బ్యాంకర్ల కుటుంబం దగ్గర అప్పు తెచ్చాడు, ఆ అప్పు తీర్చడానికి పాపక్షమాపణ పత్రాలు అమ్మించాడు, 1517లో చర్చి సంస్కరణకు నాంది పలికిన సన్యాసి మార్టిన్ లూథర్ తిరగబడింది ఆ అమ్మకం మీదే. రెండేళ్లకే వచ్చిన ప్రింటు ఇది, ఆ బిరుదుల్ని అంత గట్టిగా ఎందుకు చాటుకున్నాడో ఊహించండి.

ఇంకోటి, సంఖ్య. డ్యూరర్ రేకుతో పాటు 200 కాపీలు పంపాడు, బదులుగా 200 బంగారు ఫ్లోరిన్లు, కోటు కుట్టించుకోవడానికి డమాస్క్ పట్టు అందాయి. 1523లో కార్డినల్ మళ్లీ చేయించుకున్నప్పుడు కాపీలు 500. ఈసారి ముఖం పక్కకు తిరిగి ఉంటుంది, రోమన్ నాణేల మీద చక్రవర్తుల్లాగా. పెయింటింగ్ చూడాలంటే ఆయన గడప తొక్కాలి, ప్రింటు అయితే ఆయనే మీ ఇంటికొస్తాడు. నా లెక్కలో అసలు బలం అదే.

చరిత్ర_పిచ్చి:
ముఖాన్ని పక్కన పెట్టేయమంటే మాత్రం నేను ఒప్పుకోను. 1520లో క్రానాక్ అనే జర్మన్ చిత్రకారుడు చెక్కిన లూథర్‌ని చూడండి. సన్యాసి అంగీ, గొరిగిన నడినెత్తి, బయటికి పొడుచుకొచ్చిన చెంప ఎముకలు. వంశచిహ్నం లేదు, బిరుదూ లేదు. అయినా ఆ మనిషి ఎవరికీ తలొంచడని చూడగానే తెలిసిపోతుంది. అదే ఏడాది అదే క్రానాక్ మీ కార్డినల్ ప్రింటుకి నకలు కూడా చెక్కాడు! రెండూ పక్కపక్కన పెట్టండి, సెమినార్‌కి ఇంతకంటే మంచి జత దొరకదు. పదవి ఉన్నవాడికి పదవే చాలు, లేనివాడికి ముఖమే ఆధారం.

రాగిరేకు:
లూథర్ విషయంలో నిజమే. కానీ పాలకుల దగ్గరికొచ్చేసరికి నా మాటే నిలుస్తుంది. పియెర్ లొంబార్ అనే చెక్కడపు పనివాడు వాన్ డైక్ అనే చిత్రకారుడి బొమ్మ ఆధారంగా గుర్రం మీద కవచం తొడిగిన వీరుడిని చెక్కాడు. ఆ ఒక్క రేకు మీదే ఒకసారి ఇంగ్లండ్‌ను ఏలిన క్రామ్‌వెల్ తల, ఇంకోసారి ఇంగ్లండ్ రాజు మొదటి ఛార్లెస్ తల. ఆ రాజుకు 1649లో మరణశిక్ష వేయించిన వాళ్లలో క్రామ్‌వెల్ ముఖ్యుడన్నది గుర్తుపెట్టుకోండి. రాగిని గీకి, నున్నగా చేసి, తల మాత్రం కొత్తగా చెక్కేవాళ్లు. మధ్యలో తల లేకుండా తీసిన ప్రింట్లు కూడా మిగిలాయి, తల లేకపోయినా అది పాలకుడి బొమ్మేనని ఇట్టే తెలుస్తుంది. మన ఊళ్లో ఫ్లెక్సీ కూడా అంతే కదా, పార్టీ మారగానే పైవరుసలో ఫొటోలు మారతాయి, దండం పెట్టే నాయకుడు, రంగులు, కింద పేర్ల వరస అలాగే ఉంటాయి.

ప్రింట్‌మేకింగ్_స్టూడెంట్:
చాలా థ్యాంక్సండీ ఇద్దరికీ. కార్డినల్, లూథర్ జతతో మొదలుపెట్టి, లొంబార్ రేకుని మూడోదిగా చూపిస్తాను. తల లేని ప్రింటు పెద్ద సైజు స్కాన్ ఎక్కడ దొరుకుతుంది?

రాగిరేకు:
బ్రిటిష్ మ్యూజియం ఆన్‌లైన్ కలెక్షన్‌లో లొంబార్ పేరుతో వెతకండి. ఒకే రేకు నుంచి వచ్చిన వేర్వేరు దశల్ని పక్కపక్కన పెట్టి, మెడ దగ్గర గీతలు ఎలా కలిపాడో జూమ్ చేసి చూడండి.