‘అధికార పార్టీకి ఎదురుదెబ్బ’ అని స్క్రోల్ ఎప్పుడు వేయొచ్చు?

ప్రశ్న (మొగల్రాజపురం, విజయవాడ)

అందరికీ నమస్కారం. ఇక్కడ ఒక చిన్న న్యూస్ ఛానల్ డెస్క్‌లో చేరి ఐదు నెలలైంది. ఈసారి కార్పొరేషన్ కౌంటింగ్ రోజు స్క్రోల్ (టీవీ తెర కింద పరుగెత్తే వార్త లైను) నాకే అప్పగిస్తారట. ఒకటే టెన్షన్. మా ఇన్‌ఛార్జి గారు చెప్పింది ఒక్క ముక్క: “అధికార పార్టీకి ఎదురుదెబ్బ తగిలితే ఊళ్లో మనమే ముందు వేయాలి.” తగిలిందని ఎలా తెలుస్తుంది సార్ అంటే నవ్వి ఊరుకున్నారు. సగం డివిజన్లు పోతే ఎదురుదెబ్బా? పోయినసారి కంటే తగ్గితేనా? మేయర్ పీఠం పోతేనా? పాత ఫలితాల ఎక్సెల్ షీటు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. దేంతో దేన్ని పోల్చాలో తెలియడం లేదు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

సత్యనారాయణపురం (డెస్క్‌లో 22 ఏళ్లు, ఇప్పుడు ఖాళీ)

అమ్మా, ముందు నేను పరువు పోగొట్టుకున్న సంగతి చెప్తాను. 2021 మార్చి 14, పొద్దున్నే. స్ట్రింగర్ (మా లోకల్ విలేకరి) ఫోన్ చేసి “రెండు డివిజన్లలో పోస్టల్ ఓట్లు టీడీపీకే ఎక్కువండీ” అన్నాడు. అంతే, ‘బెజవాడలో అధికార పార్టీకి ఎదురుదెబ్బ’ అని వేసేశాను. నలభై నిమిషాలు తిరిగింది. తీరా ఫలితాలన్నీ వచ్చేసరికి 64 డివిజన్లలో వైసీపీకి 49, టీడీపీకి 14, సీపీఎంకి ఒకటి. ఇంటికెళ్తే మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, “ఇంతకీ ఎదురుదెబ్బ ఎవరికండీ?” అని అడిగింది.

అందుకని మొదటి సంగతి. అప్పుడు ఈవీఎంలు కావు, బ్యాలెట్ పత్రాలు. పెట్టె తెరవగానే చేసే పని కట్టలు కట్టడం. ఆ కాసేపూ ఓటు ఎవరికి పడిందో చూడరు, పోలైన లెక్కకి సరిపోయిందా లేదా అన్నదే చూస్తారు. అభ్యర్థుల వారీగా విడదీసేది తర్వాత. ఈలోగా ఏజెంట్లు బయటికి పంపే ‘లీడ్లు’ అన్నీ గాలి కబుర్లే. ఈసారి బ్యాలెట్టా, ఈవీఎమ్మా అన్నది రాష్ట్ర ఎన్నికల సంఘం ఉత్తర్వులో ఉంటుంది, చూసుకో. స్థానిక ఎన్నికలు జరిపేది వాళ్లు. కేంద్ర ఎన్నికల సంఘం వెబ్‌సైట్ తెరుచుకుని కూర్చుంటే సాయంత్రం దాకా ఖాళీ పేజీయే కనిపిస్తుంది.

మొగల్రాజపురం

అమ్మో, నేను సరిగ్గా ఆ సైటే బుక్‌మార్క్ చేసి పెట్టుకున్నాను! థాంక్యూ బాబాయ్ గారూ. మరి పోల్చేది 2014తోనేనా? నా షీటులో 2014లో విజయవాడ టీడీపీకి 38, వైసీపీకి 19 అని ఉంది. 2021లో టీడీపీ 14కి పడిపోయింది. దీన్ని దెబ్బ అనొచ్చు కదా?

సత్యనారాయణపురం

దెబ్బే, కానీ అధికార పార్టీకి కాదు కదా. 2021లో ప్రభుత్వం వైసీపీది. ఇక 2014 సంగతి ఇంకా చిత్రం. మార్చి 30న మున్సిపల్ పోలింగ్ జరిగిననాటికి రాష్ట్రంలో రాష్ట్రపతి పాలన. అసలు అధికార పార్టీయే లేదు! లెక్కింపు కూడా మే 12 దాకా ఆపారు, అప్పటికి అసెంబ్లీ పోలింగ్ కూడా అయిపోయింది. పైగా అప్పుడు డివిజన్లు 59, 2021లో 64. అంకె పక్కన అంకె పెట్టి బాణం గుర్తు గీస్తే గ్రాఫిక్ బాగానే ఉంటుంది, లెక్కే తప్పుతుంది. షీటులో ఇంకో గడి పెట్టుకో: ‘పోలింగ్ నాడు రాష్ట్రంలో ఎవరి ప్రభుత్వం?’ అని.

బ్రాడీపేట, గుంటూరు

మా ఊరికి ఆ 2014 కూడా లేదండీ. అప్పుడు గుంటూరు కార్పొరేషన్‌కి ఎన్నికలే జరగలేదు. 2021లో మాకు ‘పోయినసారి’ అంటే 2005! పదహారేళ్ల నాటి ఊరికీ ఇప్పటి ఊరికీ పోలికేమిటి?

ఇంకోటి కూడా రాసుకోండి మేడమ్. 2021లో ఇక్కడ 57 డివిజన్లలో 44 వైసీపీవి. అదే కౌన్సిల్లో 2025 ఏప్రిల్‌లో టీడీపీకి చెందిన కోవెలమూడి రవీంద్ర మేయరయ్యారు. మధ్యలో కార్పొరేషన్ ఎన్నికలు మళ్లీ జరగలేదు. వైసీపీ మేయర్ రాజీనామా చేశారు, కార్పొరేటర్లు అటూ ఇటూ అయ్యారు, అంతే. మేయర్ కుర్చీ మారిన ప్రతిసారీ ‘ప్రజాతీర్పు’ అని వేసేయకండి. మా వీధిలో ఎవరినీ ఏ ఓటూ అడగలేదు.

ఇబ్రహీంపట్నం

కుర్చీ మాట వచ్చింది కాబట్టి మా పక్కన కొండపల్లి మున్సిపాలిటీ కథ. 2021 నవంబరులో 29 వార్డులు. టీడీపీ 14, వైసీపీ 14, ఒక ఇండిపెండెంట్. ఆ ఒక్కరు టీడీపీ వైపు వచ్చారు. అయినా తేలలేదు, ఎందుకంటే చైర్మన్ ఎన్నికలో ఎమ్మెల్యే, ఎంపీలకి కూడా ఎక్స్ అఫిషియో (పదవి రీత్యా వచ్చే) ఓటు ఉంటుంది. ఎమ్మెల్యే వైసీపీ, ఎంపీ టీడీపీ. ఎంపీ ఓటు ఇక్కడ చెల్లుతుందా లేదా అన్నది హైకోర్టు దాకా వెళ్లింది. కౌంటింగ్ రోజు మధ్యాహ్నం మా టీ కొట్టు దగ్గర రెండు పార్టీలవాళ్లూ టపాసులు కాల్చారు, నేను కళ్లారా చూశాను. మీరు అక్కడుంటే ఏ స్క్రోల్ వేసేవారో ఆలోచించుకోండి.

కృష్ణలంక

ఇంత లెక్క ఎందుకండీ బాబూ. జనానికి కావలసింది మేయర్ ఎవరు, ఎన్ని సీట్లు అనే. ఆ రెండూ వేసేస్తే సరిపోదా?

సత్యనారాయణపురం

వేయొచ్చు, నేను కాదనను. అది ఫలితం. ‘ఎదురుదెబ్బ’ అన్నాం అంటే మన తీర్పు. దానికి లెక్క చూపించాలి. మాచర్ల, పిడుగురాళ్లలో 2021లో అన్ని వార్డులూ ఏకగ్రీవం. సీట్లు నూటికి నూరు, పడ్డ ఓటు సున్నా. దాన్ని ప్రభంజనం అంటావా?

పంచాయతీలైతే ఇంకా జాగ్రత్త. సర్పంచ్ ఎన్నికలో పార్టీ గుర్తులుండవు, ఇన్ని మావంటే ఇన్ని మావని ఇద్దరూ చెప్పుకుంటారు. 2021 పరిషత్ ఎన్నికలు గుర్తుల మీద జరిగినా టీడీపీ బహిష్కరించింది. ఆ జడ్పీటీసీల అంకెతో దేన్నీ పోల్చకు.

మొగల్రాజపురం

అయితే అసెంబ్లీతో పోల్చనా? 2024లో విజయవాడ మూడు సీట్లూ కూటమివే.

బ్రాడీపేట

అక్కడే అందరూ బోల్తా పడేది. 2021లో విజయవాడ, గుంటూరు, విశాఖ అన్నీ వైసీపీవే. టీడీపీకి గట్టిగా చెప్పుకోవడానికి తాడిపత్రి మున్సిపాలిటీ మిగిలింది. 2024లో అదే వైసీపీకి 175లో 11. అధికారంలో ఉన్నవాళ్లు లోకల్ ఎన్నికల్లో గెలవడం మామూలు. నిధులు, రోడ్డు, డ్రెయిన్ వాళ్ల చేతుల్లో ఉంటాయని జనానికి తెలుసు. అందుకే వాళ్లు గెలిస్తే పెద్ద వార్త కాదు, ఓడితేనే వార్త.

2023 మార్చి చూడండి. పట్టభద్రుల ఎమ్మెల్సీ సీట్లు మూడింటికి మూడూ టీడీపీ గెలిచింది. అదే విడతలో స్థానిక సంస్థల కోటా సీట్లు వైసీపీవే, ఎందుకంటే అక్కడ ఓటేసేది 2021లో గెలిచిన సభ్యులు. ఒకటి జనం నాడి, ఇంకోటి పాత ఫలితానికి జిరాక్స్. ఆ నెలలోనే ఎమ్మెల్యే కోటాలో టీడీపీ తరఫున పంచుమర్తి అనూరాధ గారు గెలిచారు, మీ విజయవాడ మాజీ మేయరే. నిజమైన ‘ఎదురుదెబ్బ’ స్క్రోల్ వేయాల్సిన రోజులు అవి.

సత్యనారాయణపురం

అసెంబ్లీతో పోల్చాలనే ఉంటే సీట్లతో వద్దు, ఓట్లతో చూడు. అసెంబ్లీ ఫలితాల పత్రం ఫారం 20లో బూత్ వారీ ఓట్లుంటాయి. నీ డివిజన్ కిందికొచ్చే బూత్‌లు కూడుకో. సరిహద్దులు అచ్చంగా కలవవు, ఉజ్జాయింపు లెక్కే. పది డివిజన్లకి చేసినా చాలు. పాలక పక్షం ఓటు ఈ చివర సింగ్ నగర్‌లోనూ ఆ చివర పటమటలోనూ ఒకేలా జారితే అప్పుడు ధైర్యంగా వేయి. ఒక్క చోటే జారితే అక్కడ అభ్యర్థి సంగతో, రెబెల్ సంగతో కనుక్కో.

మొగల్రాజపురం

అర్థమైంది. ఉదయానికి ఇలా రెడీ చేసుకున్నాను, చూడండి: ‘విజయవాడ: 64 డివిజన్లలో ఇప్పటివరకు ఫలితం తేలినవి __’. ఎదురుదెబ్బ మాట సాయంత్రం దాకా ముట్టుకోను. ఇన్‌ఛార్జి గారు అడిగితే మిమ్మల్ని చూపిస్తాను.

సత్యనారాయణపురం

నన్ను చూపించకమ్మా, నా 2021 స్క్రోల్ ఆయనకి గుర్తుండే ఉంటుంది. ఆ 64 మాత్రం ముందే టైప్ చేయకు. డివిజన్లు మళ్లీ విభజిస్తే అంకె మారుతుంది. నోటిఫికేషన్ చూసి నింపు.

మొగల్రాజపురం

చెరిపేశాను.