వైడూర్యమా, మరో రాయా? తేల్చడానికి సాయం చేయండి

అమ్మకు కేతు మహాదశ మొదలైంది. ఏడేళ్ల దశ కాబట్టి వైడూర్యం ధరించమని సిద్ధాంతి గారు చెప్పారు. బంధువు ఒకరు నర్సీపట్నం వైపు దొరికిందంటూ ఒక రాయి ఇచ్చారు. తేనె రంగు, పైన గుండ్రని కోత. దీపం కింద తిప్పితే తెల్లని గీత పిల్లి కంటిపాపలా కదులుతుంది. కానీ గీత అంచులు కాస్త చెదిరినట్టున్నాయి. నా అనుమానమంతా అక్కడే.

అసలు వైడూర్యం క్రిసోబెరిల్ జాతిది: కాఠిన్యం 8.5, సాపేక్ష సాంద్రత (నీటి కంటే ఎన్ని రెట్లు బరువో) 3.73, వక్రీభవన గుణకం (కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె) 1.75 దగ్గర. తక్కువ ధరకు దొరికే క్వార్ట్జ్ పిల్లికన్నుకు ఇవి 7, 2.65, 1.55. గీసి చూడటానికి మనసొప్పలేదు. అందుకని తెలిసిన కంసాలి గారి త్రాసులో తూచాం. గాలిలో 1.20 గ్రాములు, దారం కట్టి నీటిలో వేలాడదీస్తే 0.83. లెక్క వేస్తే సాంద్రత 3.24. రెండింటికీ కుదరలేదు!

రాయికి గాలి బుడగ అంటుకుంటే ఇంత తేడా వస్తుందా? లేక ఇది సిల్లిమనైట్ అనే మరో ఖనిజపు పిల్లికన్ను రాయా? ఆ రాయి సాంద్రత సుమారు ఇంతే. అడుగు భాగం గరుకుగా ఉంది కాబట్టి, గుండ్రని పైభాగం మీదే వక్రీభవనం కొలవడం సాధ్యమా?

జ్యోతిషం తెలిసినవారికి మరో ప్రశ్న. క్వార్ట్జ్ పిల్లికన్నును కేతువుకు ఉపరత్నంగా (అసలు రత్నానికి బదులుగా) ధరిస్తారని విన్నాను. సిల్లిమనైట్‌కూ అది వర్తిస్తుందా? అమ్మ నమ్మకంతో పెట్టుకునే ఉంగరం కాబట్టి, వెండిలో పొదిగించే ముందే ఈ సంగతి తేల్చుకోవాలి. దయచేసి చెప్పండి.