పిండిమరకి స్మార్ట్ మీటర్ పెట్టాక బిల్లు పెరిగింది: టైం స్లాట్ల వల్లా, మీటరు వల్లా?

తెనాలి_మర:
అందరికీ నమస్కారం. 10 హెచ్‌పీ మోటారు (కారం, పసుపు), 7.5 హెచ్‌పీ మోటారు (బియ్యం, గోధుమ) ఉన్న మర. ఎల్టీ (లో టెన్షన్) కనెక్షన్, మంజూరైన లోడు 17.5 హెచ్‌పీ. పాత మీటరు తీసి స్మార్ట్ మీటరు పెట్టారు. కొత్త బిల్లులో యూనిట్లు మూడు వరసల్లో ఉన్నాయి: పీక్ (ఉదయం 6–10, సాయంత్రం 6–10), ఆఫ్ పీక్ (పగలు 10–3, రాత్రి 12–6), నార్మల్ (మిగతా గంటలు). కేడబ్ల్యూహెచ్ (నిజంగా పనికి వాడిన కరెంటు) 945, కేవీఏహెచ్ (పనిచేయని కరెంటునీ కలిపి లైను నుంచి లాగిన మొత్తం) 1,240, ఆర్‌ఎండీ (నెలలో నమోదైన గరిష్ఠ డిమాండ్) 14.6 కిలోవాట్లు. బిల్లు లెక్కకట్టింది కేవీఏహెచ్ మీద. మూడు సందేహాలు.
పని వేళలు మారిస్తే ఎంత తగ్గుతుంది?
మోటారు స్టార్ట్ చేసేటప్పటి లాగుడు వల్లే ఆర్‌ఎండీ పెరిగిందా?
మీటరు ఎక్కువ తిరుగుతోందేమో ఎలా చూసుకోవాలి?

కేవీఏఆర్_లెక్క:
మీరు అడిగిన మూడింటికన్నా ముందు చూడాల్సింది ఇంకోటి ఉందండి. 945ని 1,240తో భాగిస్తే 0.76. అది మీ పవర్ ఫ్యాక్టర్ (లాగిన మొత్తంలో పనికొచ్చిన వాటా), చాలా తక్కువ. అదే 0.95 ఉంటే ఇదే పనికి 995 కేవీఏహెచ్ సరిపోయేది. అంటే 245 యూనిట్లు ఉత్తపుణ్యానికి పోతున్నాయి. యూనిట్ రూ. 8 అనుకుంటే నెలకు రూ. 1,960. పాత మీటరు బిల్లు కేడబ్ల్యూహెచ్ మీద వస్తూ ఉంటే ఈ నష్టం కనపడేదే కాదు.

పవర్ ఫ్యాక్టర్ పెంచేవి మోటార్లకి కలిపే కెపాసిటర్లు, అవి చూడండి. 10 హెచ్‌పీకి 4 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజు కొలత), 7.5 హెచ్‌పీకి 3 కేవీఏఆర్ ఉండాలి. మోటారు నడుస్తుండగా కెపాసిటర్‌కి వెళ్లే మూడు వైర్లకీ ఒక్కొక్కదానికీ క్లాంప్ మీటరు (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) వేయండి. 440 వోల్టుల రేటింగున్న 4 కేవీఏఆర్ డబ్బా 415 వోల్టుల దగ్గర ఫేజుకి 5 ఆంపియర్ల దాకా తీసుకోవాలి, 3 కేవీఏఆర్‌ది 3.7 ఆంపియర్ల దాకా. డబ్బా బయటికి బాగానే ఉంటుంది, లోపల ఎండిపోతుంది. చూసి నమ్మొద్దు, కొలవండి. క్లాంప్‌కి వైరు విడిగా అందకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి, కరెంటు ఉండగా వైర్లు లాగొద్దు.

రేపల్లె_వైరింగ్:
వేళల లెక్క. 2023 జూన్‌లో కేంద్రం విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు సవరించింది. దాని ప్రకారం గరిష్ఠ డిమాండ్ 10 కిలోవాట్లు దాటిన వాణిజ్య, పరిశ్రమ కనెక్షన్లకు 2024 ఏప్రిల్ 1 నుంచి, వ్యవసాయం తప్ప మిగతా వాళ్లకు 2025 ఏప్రిల్ 1 నుంచి వేళను బట్టి రేటు. స్మార్ట్ మీటరు పెట్టిన దగ్గర్నుంచే అది మొదలవుతుంది. మీలాంటి కనెక్షన్‌కి పీక్ రేటు మామూలు రేటుకి 1.2 రెట్లకు తగ్గకూడదు, సౌర గంటల్లో (ఎండ ఉండే పగటి వేళ) కనీసం 20 శాతం తక్కువ ఉండాలి. తేడా యూనిట్ ఛార్జీ మీదే, ఫిక్స్‌డ్ ఛార్జీ మీద కాదు. అసలు గంటలూ రూపాయలూ నిర్ణయించేది మాత్రం రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి. కాబట్టి ప్రతి ఏప్రిల్‌లో కొత్త టారిఫ్ ఉత్తర్వులో మీ కేటగిరీ పేజీ చూసుకోవాల్సిందే.

రూ. 8 మామూలు రేటు అనుకుని కేంద్రం చెప్పిన కనీసపు తేడాతో లెక్కేస్తే పీక్ 9.60, సౌర గంటల్లో 6.40. తేడా 3.20. 10 హెచ్‌పీ మోటారు పనిలో 7 కిలోవాట్లు లాగుతుందనుకుందాం. సాయంత్రం రెండు గంటల పని పగటికి మారిస్తే రోజుకి 14 యూనిట్లు, రూ. 44.80. 25 రోజులకి రూ. 1,120.

అన్నీ మారవు. అరిసెలకి తడిబియ్యం తెచ్చినవాళ్లకి అప్పటికప్పుడు పట్టి ఇవ్వాలి, లేకపోతే పులుస్తుంది. ఎండుమిరప, పసుపు అలా కాదు. సంచికి చీటీ కట్టి పక్కన పెట్టి, మర్నాడు 10 నుంచి 3 లోపల పట్టొచ్చు. అంటే 7.5 మోటారుని దాని మానాన వదిలేసి, పెద్ద మోటారు పనిని పగటికి తెచ్చుకుంటే చాలు.

ఎండీ_రూల్స్:
స్టార్టింగ్ లాగుడు వల్ల ఆర్‌ఎండీ పెరగదండీ, ఆ భయం వద్దు. మీటరు 30 నిమిషాల సగటు తీస్తుంది (కొన్నింట్లో 15). పది సెకన్లు ఆరు రెట్ల కరెంటు లాగినా అరగంట సగటులో అది దాదాపు కనపడదు. మీ దగ్గర జరుగుతున్నది వేరు. హెచ్‌పీ అంటే షాఫ్టు దగ్గర వచ్చే బలం. 10 హెచ్‌పీ అంటే 7.46 కిలోవాట్లు బయటికి రావడానికి లోపలికి 8.6 దాకా పోతుంది. 7.5కి 6.5 దాకా. రెండూ ఫుల్ లోడులో అరగంట కలిసి నడిస్తే 15 దాటుతుంది. మీ మంజూరు లోడు 13 కిలోవాట్లే. మీ 14.6 అక్కడిదే. రెండూ ఒకేసారి నడపకుండా ఇంటర్‌లాక్ పెట్టుకుంటే పోతుంది.

రూల్ కూడా తెలుసుకోండి. మంజూరు లోడు దాటిన నెలలో బిల్లు ఆ డిమాండ్ మీదే వస్తుంది. లోడు శాశ్వతంగా పెంచాలంటే మాత్రం ఒక ఆర్థిక సంవత్సరంలో కనీసం మూడు సార్లు దాటి ఉండాలి, అప్పుడు కూడా దాటిన నెలల్లో అతి తక్కువ అంకె తీసుకోవాలి. స్మార్ట్ మీటరు చూపించిన డిమాండ్ పట్టుకుని పాత నెలలకి జరిమానా వేయకూడదు. వేస్తే రాతపూర్వకంగా అడగండి. మీటరులో లోడ్ లిమిట్ సెట్ చేసి ఉంటే లోపలి స్విచ్ పడిపోతుంది. కొన్నిసార్లు తనే తిరిగి కలపడానికి చూసి, లోడు తగ్గకపోతే 30 నిమిషాలు లాకైపోతుంది. ఫ్యూజు పోయిందనుకుని గాబరా పడొద్దు, లోడు తీసి ఆగండి.

మీటర్_పల్స్:
మీటరు పరీక్ష. అన్నీ కట్టేసి, మీటరు మీద మినుకుమనే ఎర్ర లైటు ఆగిందో లేదో చూడండి. తర్వాత 1500 వాట్ల నీళ్ల రాడ్డు ఒక్కటే వేయండి. మీటరు ముఖం మీద యూనిట్‌కి ఎన్ని పల్సులో (ఆ లైటు ఎన్నిసార్లు వెలుగుతుందో) అంకె ఉంటుంది, 800 అనుకుందాం. 10 నిమిషాల్లో 200 సార్లు వెలగాలని లెక్కేసి, తక్కువొస్తే మీటరు మెల్లగా ఉందనీ ఎక్కువొస్తే పరుగెడుతోందనీ అనుకుంటారు. అది తప్పు లెక్క. వోల్టేజీ 220 ఉంటే ఆ రాడ్డు 6.2 ఆంపియర్లే తీసుకుంటుంది, అంటే 1,364 వాట్లు. రావాల్సింది 182. వోల్టు, ఆంపియరు కొలిచి గుణించాకే పోల్చండి. 5 శాతం పైన తేడా ఉంటేనే అనుమానించాలి, చేతిలో ఉన్న క్లాంప్ మీటరు కూడా అంత ఖచ్చితం కాదు.

మీటరు బటన్ నొక్కుతూ పోతే తేదీ, టైం వస్తాయి. ఫోన్ టైంతో పోల్చండి. గడియారం అరగంట తప్పితే పీక్ యూనిట్లు తారుమారవుతాయి. బిల్లులో మూడు వరసల మొత్తం మొత్తం యూనిట్లకి సరిపోవాలి. అనుమానం తీరకపోతే 1912కి ఫిర్యాదు చేసి నంబరు తీసుకోండి. పైన చెప్పిన వినియోగదారుల హక్కుల నియమాల 2024 సవరణ ప్రకారం 5 రోజుల్లో పక్కన చెక్ మీటరు పెట్టి కనీసం 3 నెలలు పోల్చి చూడాలి.

ఇంట్లో సింగిల్ ఫేజ్ మీటరు ఉన్నవాళ్లకి ఒక మాట. అది ఫేజు, న్యూట్రల్ రెండూ కొలిచి ఎక్కువున్నది లెక్కేస్తుంది. పక్క పోర్షన్ న్యూట్రల్ మీదాంట్లో కలిసి ఉంటే వాళ్ల వాడకం మీ ఖాతాలో పడుతుంది. మీ ఫేజు ఎంసీబీ దించినా మీటరు మీద ఎర్ర లైటు వెలుగుతుంటే అదే కారణం.

తెనాలి_మర:
ఎలక్ట్రీషియన్ చేత కొలిపించాను. 10 హెచ్‌పీ కెపాసిటర్ మూడు ఫేజుల్లో ఆంపియర్లు: ఆర్ 4.9, వై 2.8, బి 2.9. 7.5 మోటారుకి అసలు కెపాసిటరే లేదు. మీటరు టైం సరిగానే ఉంది, స్లాట్ల మొత్తమూ కలిసింది.

కేవీఏఆర్_లెక్క:
దొరికింది. డబ్బా లోపల మూడు సెల్స్ డెల్టాలో (త్రికోణంలా, ఒక్కోటీ రెండు ఫేజుల మధ్య) ఉంటాయి. ఒక ఫేజులో పూర్తి కరెంటు, మిగతా రెండింట్లో సుమారు 58 శాతం వస్తే, ఆ రెండింటి మధ్య సెల్ పోయినట్టే. డబ్బా మొత్తం మార్చండి. మార్చే ముందు మెయిన్ దించి, 5 నిమిషాలు ఆగి, టెర్మినళ్ల మధ్య వోల్టేజీ లేదని మీటరుతో చూశాకే చెయ్యి పెట్టాలి.

7.5కి కొత్తగా 3 కేవీఏఆర్ కొనండి. రెండూ మోటారు ఆగితే వాటంతటవే తెగిపోయేలా కాంటాక్టర్ (మోటారుకి కరెంటు కలిపి తీసే స్విచ్) తర్వాత కలపాలి. మెయిన్ దగ్గర శాశ్వతంగా కలిపితే రాత్రంతా లీడింగ్ కరెంటు (మోటారు ఆగినా కెపాసిటర్ ఒక్కటే లాగేది) నడుస్తుంది, మీటరు లీడింగ్‌ని కూడా లెక్కేసే రకమైతే కేవీఏహెచ్ ఊరికే పెరుగుతుంది. స్టార్-డెల్టా స్టార్టర్ (మోటారుని ముందు తక్కువ వోల్టేజీతో తిప్పి తర్వాత పూర్తి వోల్టేజీకి మార్చేది) అయితే డెల్టాలోకి వెళ్లాక పడే విడి కాంటాక్టర్ పెట్టించండి, స్టార్ నుంచి డెల్టాకి మారే క్షణంలో కెపాసిటర్ మోటారుకి తగిలి ఉంటే వోల్టేజీ ఎగిసి వైండింగ్ దెబ్బతింటుంది.

కెపాసిటర్ వైర్లు ఓవర్‌లోడ్ రిలేకి (కరెంటు మితిమీరితే మోటారుని ఆపేది) ముందు రావాలి. లైన్‌లో ఉన్న రిలే దాటాక కలిపితే, 7.5 మోటారుకి రిలే చూసే కరెంటు ఫుల్ లోడులో 10.6 నుంచి 9.2 ఆంపియర్లకు పడిపోతుంది. సెట్టింగ్ పాతదే ఉంచితే మోటారు వేడెక్కినా రిలే పడదు. అక్కడే కలపక తప్పకపోతే సెట్టింగ్ 9.2కి దించండి.