అప్‌డేట్: బూస్టర్ సీటు తీయడం లేదు

ఎనిమిదేళ్లు నిండిన మా అమ్మాయికి కారులో బూస్టర్ సీటు (బెల్టు సరిగ్గా పడేలా పిల్లలను ఎత్తులో కూర్చోబెట్టే సీటు) మాన్పించవచ్చా అని నేను ఇక్కడ అడిగితే, వయసును కాక బెల్టు ఒంటిపై ఎక్కడ పడుతోందో చూడమని మీరన్నారు. ఆదివారం బూస్టర్ తీసి, ఆమెను వెనుక సీటులో కూర్చోబెట్టి చూశాను. వీపు పూర్తిగా ఆనించి కూర్చుంటే మోకాళ్లు సీటు అంచు దగ్గర వంగలేదు. కాళ్లు వంచుకోవడానికి ఆమె ముందుకు జారగానే, తొడల మొదట్లో ఉండవలసిన కింది బెల్టు మెత్తని పొట్టపైకి ఎక్కింది, పై బెల్టు భుజం మధ్యగా కాక మెడను ఒరుసుకుంటూ పోయింది. ప్రమాదంలో ఆ బలమంతా తుంటి ఎముకలకు బదులు పేగుల మీద, వెన్ను మీద పడుతుందన్న మీ మాట తలచుకుని నాకు గుండె గుభేలుమంది. గోడకు నిలబెట్టి కొలిస్తే ఎత్తు 128 సెంటీమీటర్లే ఉంది. సాధారణంగా బెల్టు సరిపోయే ఎత్తు సుమారు 145.

బూస్టర్ తిరిగి పెట్టి బీచ్ రోడ్డు మీదుగా భీమిలి వెళ్లాం. రుషికొండ దాటాక మా అమ్మాయి కునుకు తీసినా బెల్టు కదలలేదు. "ఇంత పిల్లకి ఇంకా ఎందుకమ్మా" అన్న మా అత్తగారు, బెల్టు పొట్టపైకి ఎక్కడం చూశాక, తానే దాన్ని సరిగా బిగించమన్నారు. 14 ఏళ్లలోపు పిల్లలకు బెల్టు గాని, తగిన సీటు గాని ఉండాలని 2019 మోటారు వాహనాల సవరణ చట్టం కూడా చెబుతోంది. ఇక మూడు నెలలకొకసారి కొలుస్తాం. మా బావగారి కారులో సీటు లోతు వేరు కనుక అందులో విడిగా చూడాలి.